స్లౌ స్టేషన్ నుంచి రోజూ లండన్: ఏ కార్డు, ఏ ప్లాట్‌ఫాం, ఏ బండి

స్లౌలోనో, ఆ చుట్టుపక్కలో ఇల్లు దొరికి, వచ్చే సోమవారం నుంచి లండన్ ఆఫీసుకు తిరగబోయే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రెడింగ్, మెయిడెన్‌హెడ్, స్లౌ... ఈ లైను పొడుగునా తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. వాట్సాప్ గ్రూపుల్లో కొత్తగా వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు కూడా ఎప్పుడూ అవే: ఏ కార్డు కొనాలి, ఏ బండెక్కాలి, అమ్మానాన్నలొస్తే విండ్సర్ కోటకు ఎలా తీసుకెళ్లాలి. వాటితో పాటు ఈ స్టేషన్ కథ కూడా చెప్తాను, ఎందుకంటే బండి కోసం ఎలాగూ ఎదురుచూస్తారు, చూడాల్సినవి అక్కడే ఉన్నాయి.

స్లౌ లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌కు పడమర 18 మైళ్ల పైచిలుకు, అంటే దాదాపు 30 కిలోమీటర్లు. లండన్ చుట్టూ ఇలాంటి స్టేషన్లు చాలా ఉన్నాయి. ఇక్కడ తెలుసుకోవాల్సిందల్లా ఏంటంటే, ఒకే కప్పు కింద రెండు రైల్వేలు నడుస్తాయి. ఒకటి జీడబ్ల్యూఆర్ (గ్రేట్ వెస్టర్న్ రైల్వే), మరొకటి ఎలిజబెత్ లైన్. ఒకదానికి ఫాస్ట్ ట్రాకులున్నాయి, ఇంకోటి స్లో ట్రాకుల మీద ఊరూరా ఆగుతూ పోతుంది. ఏది ఎప్పుడు ఎక్కాలో తెలిస్తే సగం పని అయినట్టే.

1. ముందు కార్డు సంగతి

లండన్‌లో ఉండే స్నేహితులు ఆయిస్టర్ కార్డు తీసుకో అంటారు. వాళ్లకది సరే, మీకు కాదు. పడమటి వైపు ఆయిస్టర్‌లో డబ్బులు వేసి తిరిగే పద్ధతి వెస్ట్ డ్రేటన్ స్టేషన్‌తో ఆగిపోతుంది. ఐవర్ నుంచి రెడింగ్ దాకా ఉన్న స్టేషన్లలో కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డుగానీ, ఫోన్‌గానీ, వాచ్‌గానీ గేటు మీద పెట్టాలి. స్లౌ ఆ మధ్యలోదే.

కాంటాక్ట్‌లెస్ వాడేటప్పుడు మూడు విషయాలు. ఎక్కేటప్పుడు ఏది చూపించారో దిగేటప్పుడు అదే చూపించాలి. పొద్దున ఫోన్‌తో లోపలికెళ్లి, సాయంత్రం అదే బ్యాంకు కార్డును చేత్తో తాకిస్తే ఫర్వాలేదు కానీ, ఒకే ప్రయాణంలో లోపలికి ఫోను, బయటికి కార్డు వాడితే మెషీన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు మనుషులు. రెండు పూర్తికాని ప్రయాణాలుగా లెక్కేసి, గరిష్ఠ ఛార్జీ రెండుసార్లు కోసేస్తుంది. రెండోది, ఒకరి కార్డు మీద ఇద్దరు వెళ్లడం కుదరదు, భార్యాభర్తలైనా సరే ఎవరి కార్డు వాళ్లదే. మూడోది, టీఎఫ్ఎల్ (లండన్ రవాణా సంస్థ) వెబ్‌సైట్లో ఖాతా తెరిచి కార్డు జతచేసుకోండి. ఎక్కడ ఎక్కువ కోశారో అక్కడే కనిపిస్తుంది, తిరిగి అడగడానికీ వీలుంటుంది.

వారం రోజుల్లో పొద్దున 6:30 నుంచి 9:30 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు పీక్ ధర. ఆఫీసులో పదిన్నరకు వచ్చినా ఏమనరు అనుకుంటే, 9:30 తర్వాత గేటు దాటండి. నెల తిరిగేసరికి తేడా చేతికి తెలుస్తుంది.

విద్యార్థులు, ఉద్యోగంలో కొత్తగా చేరిన పాతికేళ్ల లోపువాళ్లు 16–25 రైల్‌కార్డు తీసుకుంటారు. టికెట్‌లో మూడో వంతు తగ్గింపు ఇస్తుంది. కానీ దాన్ని కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డుకు జోడించే వీల్లేదు. కాబట్టి స్లౌ నుంచి తగ్గింపు కావాలంటే కాగితం టికెట్టో, ఫోన్లో ఈ-టికెట్టో కొనుక్కోవాలి. పొద్దున పది లోపు ప్రయాణాలకు ఆ తగ్గింపు మీద కనీస ఛార్జీ నిబంధన కూడా ఉంటుంది, కొనేముందు చూసుకోండి. పిల్లల విషయమూ ఇంతే. అయిదు నుంచి పదిహేనేళ్ల వాళ్లకు సగం ధర, కానీ కాంటాక్ట్‌లెస్‌లో పిల్లల ధర అనేది లేదు. టికెట్ మెషీన్లో విడిగా తీసుకోండి.

వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు పోయేవాళ్లకు ఫ్లెక్సీ సీజన్ అని ఒకటుంది: 28 రోజుల్లో ఏవైనా 8 రోజులు తిరగొచ్చు. 2021లో మొదలుపెట్టారు. రోజూ వెళ్లేవాళ్లు మాత్రం నెల సీజన్ టికెట్టు ధరను, కాంటాక్ట్‌లెస్‌లో నెలకు అయ్యేదాన్ని పక్కపక్కన పెట్టి లెక్కేసుకోవాలి. ఎవరో చెప్పారని ఏడాది సీజన్ కొనేయకండి, ఈ దేశంలో ఆఫీసులు కూడా ఇళ్లలాగే మారుతుంటాయి.

టికెట్ లేకుండా దొరికితే పెనాల్టీ 100 పౌండ్లు, 21 రోజుల్లో కట్టేస్తే 50, పైన అసలు టికెట్ ధర అదనం. "తెలియదు సార్" అంటే వినిపించుకోరు.

2. ఏ వైపు నుంచి లోపలికెళ్లాలి

స్టేషన్‌కు రెండు ముఖాలున్నాయి. హై స్ట్రీట్, బస్‌స్టేషన్, షాపుల వైపున్నది దక్షిణ ద్వారం. స్టోక్ రోడ్ వైపున్నది ఉత్తర ద్వారం. ప్లాట్‌ఫాం అంకెలు దక్షిణం నుంచి ఉత్తరానికి పెరుగుతాయి. ఒకటో నంబరు విండ్సర్ బండిది, రెండు, మూడు ఫాస్ట్ లైన్లవి, నాలుగు, అయిదు స్లో లైన్లవి. మామూలుగా లండన్ వైపు ఫాస్ట్ మూడో నంబరు మీద, లండన్ వైపు ఎలిజబెత్ లైన్ అయిదో నంబరు మీద వస్తాయి. అడ్డంకులున్న రోజుల్లో ఇవన్నీ తారుమారవుతాయి గనుక అలవాటు కొద్దీ కాళ్లు పోయేచోటికి పోకుండా బోర్డు చూడండి.

ప్లాట్‌ఫాంల మధ్య పైవంతెన, లిఫ్టులు ఉన్నాయి. స్ట్రోలర్‌తోనో, పెద్ద సూట్‌కేసుతోనో వచ్చేవాళ్లకు మెట్లెక్కే పనే లేదు. వీల్‌చెయిర్ వాడే పెద్దవాళ్లుంటే బండికీ ప్లాట్‌ఫాంకీ మధ్య స్టాఫ్ ర్యాంప్ వేస్తారు. జీడబ్ల్యూఆర్ బండ్లకు రెండు గంటల ముందు చెబితే ఏర్పాటు చేస్తారు. ఎలిజబెత్ లైన్‌కైతే ముందు చెప్పకపోయినా స్టేషన్లో అడిగితే చాలు.

టికెట్ కౌంటరు, మెషీన్లు, టాయిలెట్లు, వెయిటింగ్ రూములు, కాఫీ, సైకిల్ స్టాండు, కారు పార్కింగు, ట్యాక్సీలు... అన్నీ ఉన్నాయి, ఎక్కడా మెరుపుల్లేవు. టాయిలెట్ సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోండి: ఎలిజబెత్ లైన్ బండ్లలో టాయిలెట్ లేదు. తొమ్మిది పెట్టెలు, 205 మీటర్ల పొడుగు, ఏసీ, లోపల ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోవచ్చు, కానీ టాయిలెట్ మాత్రం పెట్టలేదు. చిన్నపిల్లలతో, షుగరున్న పెద్దవాళ్లతో వెళ్తుంటే స్టేషన్లోనే పని చూసుకుని ఎక్కండి, లేదా జీడబ్ల్యూఆర్ బండి ఎక్కండి, వాటిలో ఉంటుంది.

3. ఫాస్టా, ఎలిజబెత్ లైనా

ఇక్కడే అందరూ తడబడతారు. జీడబ్ల్యూఆర్ ఫాస్ట్ బండి పాడింగ్టన్‌కు ఇరవై నిమిషాల లోపే చేరుస్తుంది. ఎలిజబెత్ లైన్ లాంగ్లీ, ఐవర్, వెస్ట్ డ్రేటన్, హేస్, సౌతాల్, ఈలింగ్ అంటూ ఆగుకుంటూ పోవడానికి అరగంట పైనే పడుతుంది. ఈ లెక్క చూసి అందరూ ఫాస్ట్ వైపు పరుగెత్తుతారు. కానీ మీ ఆఫీసు ఎక్కడుందన్నది అసలు ప్రశ్న.

ఆఫీసు పాడింగ్టన్ దగ్గరే అయితే, లేదా అక్కడి నుంచి బేకర్లూ, సర్కిల్, హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ ట్యూబు లైన్లు పట్టుకోవాల్సి ఉంటే, కళ్లు మూసుకుని జీడబ్ల్యూఆర్ ఎక్కండి. ఆఫీసు టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, ఫారింగ్‌డన్, లివర్‌పూల్ స్ట్రీట్, కానరీ వార్ఫ్‌లలో ఉంటే తొందరపడకండి. పాడింగ్టన్ పైనున్న పెద్ద స్టేషన్లో దిగి, గేటు దాటి, ఎస్కలేటర్ల మీద భూమి కిందికి పోయి, మళ్లీ ఎలిజబెత్ లైన్ బండి కోసం నిలబడేసరికి మిగుల్చుకున్న పది పదిహేను నిమిషాల్లో ఎక్కువ భాగం హారతి కర్పూరమే. పైగా అక్కడ ఎక్కితే సీటుండదు. స్లౌలో ఎక్కినవాడు కూర్చుని, ఒక మీటింగు ఇయర్‌ఫోన్లో విని, కానరీ వార్ఫ్‌లో దిగుతాడు. నా మాట అడిగితే రోజూ సిటీకి (లండన్ బ్యాంకుల పేట), కానరీ వార్ఫ్‌కు పోయేవాళ్లకు నిదానంగా పోయే బండే మేలు.

ఈ సౌకర్యం కొత్తది. ఎలిజబెత్ లైన్ మధ్య భాగం 2022 మే 24న తెరిచినా, మొదట్లో పడమటి నుంచి వచ్చేవాళ్లు పాడింగ్టన్‌లో దిగి మారాల్సి వచ్చేది. అదే ఏడాది నవంబరు 6 నుంచి స్లౌ బండ్లు నేరుగా సొరంగంలోకి దిగి సిటీ దాటి పోతున్నాయి.

బోర్డు మీద గమ్యం చూడండి. స్లౌ నుంచి పోయేవి చాలావరకు ఆబీ వుడ్ బండ్లు. కానరీ వార్ఫ్ ఆ దారిలోదే. స్ట్రాట్‌ఫర్డ్, ఇల్‌ఫర్డ్ వైపు పోవాలంటే షెన్‌ఫీల్డ్ బండి కావాలి. మీ బండి ఆబీ వుడ్‌దైతే వైట్‌చాపెల్‌లో దిగండి. దారి చీలేది ఆ స్టేషన్ దాటాకే కాబట్టి, మెట్లెక్కి దిగే పని లేకుండా అదే ప్లాట్‌ఫాం మీద నిలబడితే షెన్‌ఫీల్డ్ బండి వస్తుంది.

ఫాస్ట్ బండ్లలోనూ ఒక మెలిక ఉంది. పడమటి దూరప్రాంతాల బండ్లు చాలా ఇక్కడ ఆగవు, గంటకు 125 మైళ్ల వేగంతో, అంటే 200 కిలోమీటర్లతో ప్లాట్‌ఫాం పక్కనుంచే దూసుకుపోతాయి. "ఆగని బండి వస్తోంది, దూరంగా ఉండండి" అని మైకులో చెబితే నిజంగానే పసుపు గీత వెనక్కి జరగండి. పిల్లలుంటే చేయి పట్టుకోండి. ఆ గాలికి నిలిపి ఉంచిన స్ట్రోలర్ కదిలిపోతుంది.

తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని నిలబడకండి, బటన్ వెలిగితే నొక్కాలి. బయలుదేరే సమయానికి అరనిమిషం ముందే మూసేస్తారు కాబట్టి, 8:02 బండి అంటే మీకు అది 8:01 బండి.

4. బండి వచ్చేలోపు ఏం చూడాలి

అయిదో ప్లాట్‌ఫాం మీద, అంటే లండన్ వైపు ఎలిజబెత్ లైన్ ఆగేచోట, అద్దాల పెట్టెలో ఒక కుక్క ఉంటుంది. పేరు జిమ్. బొమ్మ కాదు, నిజం కుక్కే. చనిపోయాక చర్మం కుట్టి నిలబెట్టారు. 1894లో మూడు నెలల పిల్లగా స్టేషన్‌కొచ్చింది, అప్పుడు జేబులో పట్టేంతుండేదట. జిమ్ ఉద్యోగం చందాలు వసూలు చేయడం. డబ్బాతో ప్లాట్‌ఫాంలన్నీ తిరిగి, గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఉద్యోగుల వితంతువులు, అనాథల నిధికి డబ్బు పోగు చేసేది. డబ్బాలో నాణెం పడ్డప్పుడల్లా మొరిగేలా నేర్పారు. ఒకసారి సౌతాల్‌లో ఆసుపత్రి కోసం జరిగిన ఊరేగింపులో దాని డబ్బాల్లో 265 నాణేలు దొరికాయి, ఎక్కువ భాగం చిల్లరే.

పెట్టె దగ్గరున్న పలక చదవండి, తొందరేం లేదు. జిమ్‌కు నేర్పిన మొదటి పాఠం పట్టాలు దాటకుండా పైవంతెన మీదుగానే అవతలి ప్లాట్‌ఫాంకు పోవడమట. తర్వాత నోట్లో పైపు, నెత్తిన టోపీతో కుర్చీలో కూర్చోవడం, నిచ్చెన ఎక్కడం, మండుతున్న అగ్గిపుల్ల కింద పడేస్తే గుర్రుమంటూ ఆర్పేయడం. 1896 నవంబరు 19 సాయంత్రం, పనిలో ఉండగానే ఉన్నట్టుండి చచ్చిపోయింది. ఊరివాళ్లు, స్టేషన్ ఉద్యోగులు చందాలేసుకుని ఈ పెట్టె పెట్టించారు. చందాలు పోగేసిన కుక్కకు చందాలతోనే స్మారకం. పిల్లల్ని తీసుకొస్తే మాత్రం చూపించండి, లండన్ మ్యూజియాలకంటే ఇదే గుర్తుంచుకుంటారు.

జిమ్‌ను చూశాక తలెత్తి భవనాన్ని చూడండి. ఎర్ర ఇటుక గోడలు, పైన ఫ్రెంచి తరహా గుమ్మటపు కప్పులు, వాటి మీద చేప పొలుసుల పలకలు. 1880ల తొలి సగంలో కట్టింది, రక్షిత కట్టడాల జాబితాలో గ్రేడ్ 2గా ఉంది. ఊరు చూస్తే ఆఫీసు బ్లాకులు, ఫ్లాట్లు, స్టేషన్ చూస్తే ఏదో చిన్న కోట.

అసలు ఈ స్టేషన్ ఉండకూడదని చట్టమే ఉండేది. గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు 1835లో అనుమతిచ్చిన చట్టంలో ఈటన్ కాలేజీవాళ్లు పట్టుబట్టి, తమ బడికి మూడు మైళ్ల లోపు స్టేషన్ కట్టరాదని రాయించారు. రైలొస్తే కుర్రాళ్లు లండన్ పారిపోయి చెడిపోతారని వాళ్ల భయం. 1838 జూన్ 4న పాడింగ్టన్ నుంచి మెయిడెన్‌హెడ్ దాకా లైను తెరిచారు. కంపెనీ ఏం చేసిందంటే, స్టేషన్ కట్టలేదు, కానీ బండి ఆపింది. పక్కనున్న పబ్బులో గదులు అద్దెకు తీసుకుని టికెట్లమ్మింది. చట్టంలో స్టేషన్ కట్టొద్దన్నారే గానీ బండి ఆపొద్దని అనలేదు కదా! ఈటన్‌వాళ్లు కోర్టుకెక్కి ఓడిపోయారు. అదే నెల 28న విక్టోరియా పట్టాభిషేకం. ఆ వేడుకకు కుర్రాళ్లను తీసుకెళ్లడానికి స్లౌ నుంచి ప్రత్యేక రైలు కావాలని అడిగింది ఎవరనుకున్నారు, ఈటన్ కాలేజీయే. చివరికి అసలు స్టేషన్ 1840 జూన్ 1న తెరిచారు.

ఈ రైల్వే ఇంజనీరు బ్రూనెల్ ఆ మొదటి స్టేషన్‌ను ఒంటిపక్కగా కట్టాడు. ఊరు దక్షిణాన ఉంది గనుక లండన్ పోయే బండికీ, అటునుంచి వచ్చే బండికీ రెండు ప్లాట్‌ఫాంలూ దక్షిణం వైపే, ఒకదాని పక్కన ఒకటి. ప్రయాణికులు పట్టాలు దాటే బాధ లేదు, దాటే బాధంతా బండ్లదే. రద్దీ పెరిగాక అది నిలిచే పద్ధతి కాదు, ఇప్పుడున్న స్టేషన్ కట్టేటప్పుడు పోయింది.

విక్టోరియా రాణి జీవితంలో మొదటిసారి రైలెక్కింది కూడా ఇక్కడే, 1842 జూన్ 13న. విండ్సర్ నుంచి గుర్రపు బండిలో స్లౌకు వచ్చి, మధ్యాహ్నం పన్నెండుకు బయలుదేరి 25 నిమిషాల్లో పాడింగ్టన్‌లో దిగింది. ఫ్లెజెథాన్ అనే ఇంజన్‌ను కంపెనీ ఇంజన్ల అధికారి డేనియల్ గూచ్ నడిపాడు, పక్కన బ్రూనెల్ నిలబడ్డాడు. ఇప్పటి ఎలిజబెత్ లైన్ బండికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది, అది వేరే సంగతి. రాణిగారు దారిలో ఎక్కడా ఆగలేదు లెండి.

నన్నడిగితే ఈ స్టేషన్‌కు అసలు కీర్తి ఒక హంతకుడి వల్ల వచ్చింది. కుక్, వీట్‌స్టన్ అనే ఇద్దరు తయారుచేసిన విద్యుత్ టెలిగ్రాఫ్ తీగను 1843లో పాడింగ్టన్ నుంచి స్లౌ దాకా లాగారు. జనం షిల్లింగు ఇచ్చి చూసిపోయే వింత అది, అంతకుమించి దానితో ఏం చేయాలో ఎవరికీ పెద్దగా తెలియదు. 1845 జనవరి 1న స్లౌ శివారు సాల్ట్ హిల్‌లో సారా హార్ట్ అనే ఆవిడకు జాన్ టావెల్ అనేవాడు విషం పెట్టి చంపాడు. పొరుగింటావిడకు అనుమానమొచ్చింది, ఊరి పాదిరి స్టేషన్ దాకా పరుగెత్తాడు. అప్పటికే టావెల్ రాత్రి 7:42 బండెక్కేశాడు. అంతకుముందు రోజుల్లో అయితే కథ అక్కడితో సరి, రైలుకన్నా వేగంగా పోయేది ఏదీ లేదు. ఈసారి తీగ ఉంది. సాల్ట్ హిల్‌లో హత్య జరిగింది, అనుమానితుడు ఫస్ట్‌క్లాసు పెట్టెలో ఉన్నాడు, కాళ్లదాకా గోధుమరంగు కోటు, క్వేకర్ల (ఒక క్రైస్తవ శాఖవాళ్ల) వేషం అని పాడింగ్టన్‌కు కబురు పోయింది. ఆ యంత్రంలో ‘క్యూ’ అక్షరం లేదు. క్యూతో రాయాల్సిన ‘క్వేకర్’ మాటను ఆపరేటరు ‘కే డబ్ల్యూ’తో మొదలుపెట్టి పంపితే అవతలివాడికి మొదట అర్థమే కాలేదు. అర్థమయ్యాక రైల్వే పోలీసు సార్జెంట్ విలియమ్స్, టావెల్ దిగి ఎక్కిన గుర్రపు బస్సులోనే ఎక్కి వెంబడించాడు. మర్నాడు పట్టుకున్నారు. మార్చి 28న ఎయిల్స్‌బరీలో ఉరి తీశారు. తీగలే మనిషిని ఉరితీశాయని జనం చెప్పుకున్నారు. టెలిగ్రాఫ్ ఎందుకు పనికొస్తుందో ఇంగ్లండుకు ఆ రోజుతో తెలిసింది.

చేదు రోజులూ ఉన్నాయి. 1900 జూన్ 16న ఇదే స్టేషన్లో ఆగి ఉన్న బండిని, సిగ్నళ్లు దాటి వచ్చిన ఎక్స్‌ప్రెస్ వెనకనుంచి గుద్దింది. అయిదుగురు చనిపోయారు. ఇలా సిగ్నళ్లు దాటిపోకుండా డ్రైవరు పక్కనే హెచ్చరిక మోగే ఏర్పాటును గ్రేట్ వెస్టర్న్ కంపెనీ 1906లో హెన్లీ బ్రాంచి మీద మొదటిసారి పరీక్షించింది.

5. సాయంత్రం తిరుగు ప్రయాణం

పాడింగ్టన్‌లో రెండు స్టేషన్లున్నట్టు అనుకోండి. పెద్ద ఇనుప కమాను కప్పు కింద ఉన్నది జీడబ్ల్యూఆర్‌ది. ఎలిజబెత్ లైన్‌ది దాని పక్కన, భూమి లోపల. ఒకదాని గేటు దాటి ఇంకోదానిలోకి పోవాలంటే మళ్లీ బయటికి రావాలి, కాబట్టి ముందే తేల్చుకోండి. పైన ప్లాట్‌ఫాం నంబరు బండికి కొద్ది నిమిషాల ముందే బోర్డు మీద పడుతుంది, పడగానే జనమంతా ఒక్కసారి కదులుతారు. ఆగే స్టేషన్ల వరుసలో స్లౌ పేరు చదివాకే ఎక్కండి. లేకపోతే మీరు కూర్చున్న బండి మీ ఇంటిని కిటికీలోంచి చూపించి రెడింగ్‌లో దించుతుంది.

కింద ఎలిజబెత్ లైన్‌లో హీత్రూ బండ్లు కూడా అదే ప్లాట్‌ఫాం మీదికొస్తాయి. మీక్కావాల్సింది మెయిడెన్‌హెడ్ లేదా రెడింగ్ బండి. పొరపాటున హీత్రూది ఎక్కినా కంగారేం లేదు, హేస్ అండ్ హార్లింగ్టన్‌లో దిగి వెనకాల వచ్చేది పట్టుకోండి.

6. బండి ఆలస్యమైతే

జీడబ్ల్యూఆర్ బండి పావుగంట, అంతకుమించి ఆలస్యమైతే డబ్బు తిరిగిస్తారు, 28 రోజుల్లో ఆన్‌లైన్లో అడగాలి. ఎలిజబెత్ లైన్‌లో అరగంట దాటితేనే ఇస్తారు, అడగాల్సింది టీఎఫ్ఎల్‌ను. చాలామంది బద్ధకించి వదిలేస్తారు. మీ డబ్బు మీరు అడగడానికి మొహమాటమెందుకు?

ఆదివారాలు, సెలవురోజులు పట్టాల పనులకు పేరు. శనివారం రాత్రే నేషనల్ రైల్ ఎంక్వైరీస్‌లో చూసుకోండి. "బస్ రీప్లేస్‌మెంట్" అని కనిపిస్తే మామూలు కంటే రెట్టింపు సమయం పెట్టుకోండి, లేదా ప్రయాణమే మానుకోండి. రైల్లో ఎవరైనా ఇబ్బంది పెడితే, గట్టిగా మాట్లాడే పరిస్థితి లేకపోతే, 61016కు మెసేజ్ పంపితే రైల్వే పోలీసులకు చేరుతుంది. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి.

7. ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే

విండ్సర్‌కు కారు తీసి పార్కింగు కోసం తిరిగే బదులు ఒకటో ప్లాట్‌ఫాంకు రండి. మెషీన్లో టికెట్ తీసుకుని ఎక్కితే ఆరు నిమిషాల్లో విండ్సర్ అండ్ ఈటన్ సెంట్రల్, మధ్యలో ఆగేది లేదు. మూడు మైళ్ల లోపు ఉండే ఈ ఒంటిపట్టా బ్రాంచి 1849 అక్టోబరు 8న మొదలైంది. పెద్దవాళ్లను ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. చివర్లో బండి నెమ్మదించి థేమ్స్ దాటుతుంది. అది బ్రూనెల్ కట్టిన ఇనుప వంతెన, 1849 నుంచి ఈ రోజు దాకా బండ్లను మోస్తూనే ఉంది. ఆ వంతెన మీదినుంచి ఎడమవైపు కోట కనిపిస్తుంది. దిగి బయటికొస్తే కోట గోడ రోడ్డు అవతలే. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నా ఇది పెద్ద నడక కాదు. వాళ్లు ఇండియా బ్యాంకు కార్డుతో గేట్లు దాటాలనుకుంటే వీసా, మాస్టర్‌కార్డు కాంటాక్ట్‌లెస్ పనిచేస్తాయి కానీ, విదేశీ లావాదేవీ రుసుము వాళ్ల బ్యాంకు కోసుకుంటుంది.

వాళ్లను తిరిగి విమానం ఎక్కించేటప్పుడు రైలైతే హేస్ అండ్ హార్లింగ్టన్ దాకా లండన్ వైపు పోయి, అక్కడ హీత్రూ బండికి మారాలి. ఆ బండి టెర్మినల్ 4కు పోతుందో 5కు పోతుందో ఎక్కేముందు చూసుకోండి. రెండు పెద్ద సూట్‌కేసులతో ఆ మారడం నాకైతే నచ్చదు. స్టేషన్ దక్షిణ ద్వారం ఎదుటే బస్‌స్టేషన్ ఉంది, అలలాంటి వెండిరంగు కప్పుతో. 2011లో తెరిచారు. ఈ ఊళ్లో ఏళ్లపాటు ఉన్న ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ 1800లో ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను కనిపెట్టాడు గనుక కప్పుకు అలల ఆకారం ఇచ్చారు. అక్కడి నుంచి టెర్మినల్ 5కు నేరుగా బస్సులున్నాయి. హైదరాబాద్‌కు నేరుగా పోయే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఎక్కేది ఆ టెర్మినల్లోనే. లండన్ ఎర్ర బస్సు 81 కూడా అక్కడే ఆగుతుంది, దాంట్లో మాత్రం సామానుతో ఎక్కించకండి. అది విమానాశ్రయం పక్కనుంచి హౌన్స్‌లో అనే ఊరికి పోతుంది తప్ప టెర్మినళ్ల లోపలికి పోదు.